బరంపురం నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు: మీ లెక్క మీరే వేసుకోండి

మా ఎదురింటి పిన్నిగారు కోడలి పురిటికి డాలస్ వెళ్లాలి. కొడుకు పంపిన టికెట్టును అచ్చు తీయించుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మంగళవారం రాత్రి ఎనిమిదింటికి భువనేశ్వర్‌లో ఎక్కుతాను. బుధవారం ఉదయం ఎనిమిదీ యాభైకి అక్కడ దిగుతాను. అంటే పదమూడు గంటలు కూడా లేదు కదా బాబూ! మనం సికింద్రాబాదు వెళ్లడానికే రైల్లో పదిహేను గంటలు పడుతుందే?" అన్నారు.

తీసివేతలో ఆవిడ తప్పేమీ చేయలేదు. రెండు ఊళ్ల గడియారాలను ఒకే గడియారం అనుకున్నారు, అంతే. నిజానికి అది 24 గంటల 20 నిమిషాల ప్రయాణం. బరంపురంలో ఇంటి గుమ్మం దిగినప్పటి నుంచి కొడుకు ఇంట్లో కాలు పెట్టేదాకా లెక్కిస్తే 35 గంటల పైమాట.

మన ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో ఇలాంటి టికెట్టు ఎప్పుడో ఒకప్పుడు చేతికి వస్తూనే ఉంది. ప్రతిసారీ పక్కింటివాళ్లను అడగనక్కరలేదు. ఒక గ్లోబు, రెండు మూరల కుట్టు దారం, ఫోనులో క్యాలిక్యులేటరు, ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. ఒకసారి పట్టు దొరికితే ఏ ఊరికైనా ఇదే లెక్క.

ముందు ఏ ఊరో తేల్చుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ఫోనులో బరంపురం అని వెతికితే పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్ కూడా వస్తుంది. ఇంగ్లీషులో రాసినప్పుడు రెండు పేర్లకూ పెద్ద తేడా ఉండదు. ఊళ్ల మధ్య మాత్రం సూటిగా కొలిచినా 600 కిలోమీటర్ల పైనే ఉంది. అందుకే ఊరి పేరు చూసి ఊరుకోకుండా టికెట్టు మీది మూడక్షరాల విమానాశ్రయం కోడ్ చూడండి. భువనేశ్వర్‌కు బి.బి.ఐ., విశాఖపట్నానికి వి.టి.జెడ్., దుబాయ్‌కి డి.ఎక్స్.బి., డాలస్‌కు డి.ఎఫ్.డబ్ల్యు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండులోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. కోడ్ అయితే రెండు ఊళ్లకు ఒకటే ఉండదు.

తర్వాత, మీకు ఏ విమానాశ్రయం దగ్గరో చూసుకోండి. బరంపురం నుంచి రైలు దారిలో భువనేశ్వర్ 166 కిలోమీటర్లు, విశాఖ 277 కిలోమీటర్లు. కాబట్టి మాకు భువనేశ్వరే నయం. పర్లాకిమిడి వారికి విశాఖ దగ్గర. రాయగడ వారు విజయనగరం మీదుగా, కొరాపుట్, జయపురం వారు అరకు లైను మీదుగా విశాఖకే దిగడం మంచిది. టికెట్టు నాలుగు వేలు తక్కువని దూరపు విమానాశ్రయం ఎంచుకుంటే ఆ నాలుగు వేలూ కారు బాడుగకే పోతాయి.

దారంతో దూరం కొలవడం

లెక్కలంటే భయం ఉన్నవాళ్లు కూడా ఇది చేయగలరు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి కూడా ఇదే.

పిల్లల చదువు బల్ల మీద ఉండే గ్లోబు చాలు. సాగని దారం తీసుకోండి. పూల దండ దారమైనా ఫరవాలేదు, రబ్బరులా సాగేది మాత్రం వద్దు. ముందు దారాన్ని భూమధ్యరేఖ చుట్టూ ఒక చుట్టు చుట్టి ఎంత పొడవు వచ్చిందో స్కేలుతో కొలవండి. మా ఇంట్లో గ్లోబుకు 63 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత భూమధ్యరేఖ దగ్గర సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే మా గ్లోబు మీద ఒక సెంటీమీటరు దాదాపు 635 కిలోమీటర్లు.

ఇప్పుడు దారం ఒక కొసను భువనేశ్వర్ మీద బొటనవేలితో నొక్కి పట్టుకోండి. రెండో కొసను డాలస్ దాకా లాగి, బిగుతుగా పట్టి అటూ ఇటూ కొద్దిగా కదపండి. దారం తనంతట తానే అతి దగ్గర దారిలో సర్దుకుంటుంది. పిన్నిగారి చేత ఈ పని చేయించాను. ఆవిడ దారాన్ని మొదట పడమర వైపు, అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా లాగారు. గోడ మీది ప్రపంచపటంలో డాలస్ అటే కదా ఉండేది! దారం చాలా పొడవు పట్టింది. "కొంచెం పైకి జరపండి" అన్నాను. జరిపినకొద్దీ దారం వదులైంది. చివరికి అది నేపాల్, టిబెట్, సైబీరియాల మీదుగా వెళ్లి, ఉత్తర ధ్రువానికి రవ్వంత పక్కగా తిరిగి, కెనడా మీదుగా టెక్సస్‌లోకి దిగింది. ఆవిడ కాసేపు గ్లోబును పై నుంచి చూస్తూ ఉండిపోయారు. "ఇదేమిటి బాబూ, పడమటి దేశానికి ఉత్తరం వైపు నుంచా దారి!" అన్నారు.

కారణం కష్టమైనదేమీ కాదు. భువనేశ్వర్ 85.82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ విమానాశ్రయం 97.04 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 182.86. అంటే బంతికి ఇటు పక్క మనం, దాదాపు సరిగ్గా అటు పక్క వాళ్లు. ఇద్దరం భూమధ్యరేఖకు పైనే ఉన్నాం కాబట్టి బంతి నడుము చుట్టూ తిరిగి పోవడం కంటే నెత్తి మీదుగా దాటడమే దగ్గర. గోడ మీది పటం బంతి తొక్కను చీల్చి బల్లపరుపుగా సాగదీసింది. ధ్రువం దగ్గర ఒక చుక్క ఉండవలసిన చోట అది పొడవాటి గీతను చూపిస్తుంది. దూరం కొలవడానికి ఆ పటాన్ని నమ్మకండి.

దారం పొడవు 22 సెంటీమీటర్లు వచ్చింది. 22ను 63తో భాగించి 40,000తో గుణిస్తే 13,970 కిలోమీటర్లు. అసలు సంఖ్య సుమారు 14,100. దారంతో ఆ మాత్రం దగ్గరికి రావడం గొప్పే.

కంప్యూటరులో, ఫోనులో అయితే

కంప్యూటరులో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మొదటి ఊరి మీద మౌసు కుడి బొత్తాము నొక్కితే దూరం కొలిచే సదుపాయం వస్తుంది. రెండో ఊరి మీద నొక్కితే సూటి దూరం చూపిస్తుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌లు రాస్తే చాలు. తొంభై మందికి ఇది సరిపోతుంది.

మిగిలిన పదిమంది కోసం, ముఖ్యంగా పదో తరగతిలో త్రికోణమితి ఎందుకు చదివామా అని ఇప్పటికీ అనుకునేవారి కోసం, భువనేశ్వర్ నుంచి దుబాయ్‌కి చేత్తో వేసి చూపిస్తాను. ఫోనును అడ్డంగా తిప్పితే చాలా క్యాలిక్యులేటర్లలో సైన్, కొసైన్ బొత్తాలు వస్తాయి. అది డిగ్రీల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. రేడియన్లలో ఉంటే దుబాయ్ ఎక్కడికో ఎగిరిపోతుంది.

భువనేశ్వర్ అక్షాంశం 20.24, దుబాయ్ అక్షాంశం 25.25. రెండింటి సైన్‌లను గుణించండి: 0.3460 × 0.4266 = 0.1476. దీన్ని పక్కన రాసిపెట్టండి. ఇప్పుడు రేఖాంశాల తేడా: 85.82 నుంచి 55.36 తీసేస్తే 30.46. రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, ఈ తేడా కొసైన్‌నూ కలిపి గుణించండి: 0.9383 × 0.9045 × 0.8620 = 0.7316. రెండు ఫలితాలనూ కూడితే 0.8792. దీనికి విలోమ కొసైన్ నొక్కితే 28.45 డిగ్రీలు. గోళం మీద ఒక డిగ్రీ 111.2 కిలోమీటర్లు కాబట్టి మొత్తం సుమారు 3,160 కిలోమీటర్లు.

ఒక్క జాగ్రత్త. రెండు ఊళ్లూ తూర్పు రేఖాంశాల్లోనే ఉంటే తీసివేయాలి. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయితే కూడాలి. డాలస్‌కు చేసినట్టు.

మైళ్లలో ఇచ్చిన దూరం కనిపిస్తే 1.609తో, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో ఉంటే 1.852తో గుణించి కిలోమీటర్లలోకి తెచ్చుకోండి.

విమానం దారం వెంట పోదు

ఆ 14,100 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతున్నాయి. కానీ భువనేశ్వర్ నుంచి డాలస్‌కు రోజూ విమానం నిండా జనం దొరకరు. అందుకే మధ్యలో ఒక పెద్ద ఊరికి పోగేసి, అక్కడి నుంచి పంపుతారు. పిన్నిగారిది దుబాయ్ మీదుగా. భువనేశ్వర్ నుంచి దుబాయ్ 3,160, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,920, కలిపి 16,080 కిలోమీటర్లు. సూటి దారి కంటే దాదాపు 2,000 ఎక్కువ. మధ్యలో ఆగే ఊరు ఉన్నప్పుడు ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా కొలిచి కూడండి. మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య సూటి దూరం చూసి గంటలు లెక్కగట్టకండి.

ప్రతి ముక్కలోనూ విమానం అచ్చంగా దారం గీసిన దారిలో పోదు. టిబెట్ మీదుగా ఎగరడానికి విమానయాన సంస్థలు వెనకాడతాయి. లోపలి గాలి పీడనం పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే సుమారు 10,000 అడుగులకు దించాలి. టిబెట్ పీఠభూమి నేలే అంతకంటే ఎత్తు. కొన్ని దారులను ప్రభుత్వాలు మూసేస్తాయి. 2022 నుంచి రష్యా గగనతలం ఐరోపా, అమెరికా సంస్థలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలకు చుట్టు పెరిగింది. నేను సూటి దూరానికి నూటికి ఐదు చొప్పున కలుపుకుంటాను. అది నా అలవాటు మాత్రమే, కింది లెక్కల్లో సూటి దూరమే వాడాను. ప్రయాణానికి వారం ముందు అదే విమానం నిన్నా మొన్నా ఏ దారిన పోయిందో ఫ్లైట్‌రాడార్24లో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

పెద్ద విమానం పైకి చేరాక గంటకు 900 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. కానీ నేల మీద పాకడం, పైకెక్కడం, దిగడం కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి నాలుగైదు వేల కిలోమీటర్ల లోపు అయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. అంతకు మించితే 850తో భాగించి అరగంట కలపండి.

దుబాయ్‌కి: 3,160ని 800తో భాగిస్తే దాదాపు నాలుగు గంటలు, అరగంట కలిపితే నాలుగున్నర. దుబాయ్ నుంచి డాలస్‌కు: 12,920ని 850తో భాగిస్తే 15.2 గంటలు, అరగంటతో కలిపి పదిహేను గంటల ముప్పావు. టికెట్టులో మాత్రం 16 గంటల 20 నిమిషాలు ఉంది. ఆ తేడా చాలావరకు గాలిది. ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఒకటి ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. అమెరికా వైపు పోయేటప్పుడు దానికి ఎదురీదాలి. తిరుగు ప్రయాణంలో అదే వెనక నుంచి నెడుతుంది. డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే పడుతుంది. గోదావరిలో పడవ ఎక్కినవాళ్లకు ఏటికి ఎదురు, ఏటివాలు అంటే వేరే చెప్పనక్కరలేదు. అందుకే పడమటికి పోయే పొడవైన దారికి అరగంట నుంచి గంట దాకా కలపండి, తూర్పుకు వచ్చేదానికి అంతే తీసేయండి.

అన్ని గంటలనూ మన గడియారంలోకి తెచ్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటామంటే ఇది పెట్టుకోండి. టికెట్టు మీద ఎక్కే వేళ ఎక్కే ఊరి గడియారం ప్రకారం, దిగే వేళ దిగే ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. రెండింటినీ నేరుగా తీసివేస్తే పిన్నిగారి పదమూడు గంటలే వస్తాయి.

భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడి ఉంది. ఆ గీత మన కొరాపుట్ జిల్లా జయపురానికి కొంచెం పడమరగా పోతుంది. దేశం మొత్తం గడియారం చూసుకునే గీత మన పెరట్లోంచి పోతోందన్నమాట. బరంపురం దానికి తూర్పున ఉండడంతో ఇక్కడ సూర్యుడు గడియారం కంటే ఓ తొమ్మిది నిమిషాలు ముందుంటాడు. కానీ ప్రయాణపు లెక్కకు సూర్యుణ్ణి నమ్ముకోవద్దు. రేఖాంశాలను బట్టి చూస్తే దుబాయ్ భువనేశ్వర్ కంటే రెండు గంటలు వెనక. ప్రభుత్వాల గడియారాల ప్రకారం మాత్రం గంటన్నరే వెనక. టికెట్టు వినేది ప్రభుత్వం మాటే.

డాలస్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. అక్కడ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుతారు. ఆ నెలల్లో మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా నెలల్లో పదకొండున్నర గంటలు వెనక. దుబాయ్‌లో ఈ తిప్పుడు లేదు.

పిన్నిగారి ప్రయాణం జనవరిలో. కాగితం మీద రెండు నిలువు గడులు గీసి, ఎడమవైపు మన వేళ, కుడివైపు అక్కడి వేళ రాశాం. మంగళవారం రాత్రి 8.00కు భువనేశ్వర్‌లో బయలుదేరుతుంది. నాలుగున్నర గంటలకు, మన అర్ధరాత్రి దాటి 12.30కు దుబాయ్, అక్కడి గోడ గడియారం మంగళవారం రాత్రి 11.00 చూపిస్తుంది. మూడున్నర గంటలు ఆగి, మన బుధవారం తెల్లవారుజామున 4.00కు మళ్లీ బయలుదేరుతుంది, అక్కడ 2.30. ఇంకో 16 గంటల 20 నిమిషాలకు, మన బుధవారం రాత్రి 8.20కి డాలస్, అక్కడ అదే బుధవారం ఉదయం 8.50. ఎడమ గడిని మాత్రమే చూడండి: రాత్రి 8.00 నుంచి మర్నాటి రాత్రి 8.20. అంతే, 24 గంటల 20 నిమిషాలు.

తిరుగు టికెట్టు దీనికి అద్దంలో బొమ్మ. డాలస్‌లో శనివారం మధ్యాహ్నం 12.00కు ఎక్కి, దుబాయ్‌లో రెండు గంటలు ఆగి, భువనేశ్వర్‌లో ఆదివారం రాత్రి 8.00కు దిగితే 32 గంటలు అనిపిస్తుంది. ఎక్కింది మన శనివారం రాత్రి 11.30కు కాబట్టి అసలు ప్రయాణం ఇరవైన్నర గంటలే. పోతూ మిగుల్చుకున్న పదకొండున్నర గంటలను వస్తూ తిరిగి కట్టేస్తామన్నమాట. టికెట్టులో దిగే వేళ పక్కన కూడిక గుర్తుతో ఒకటి అని చిన్నగా ఉంటే మరుసటి తేదీ అని అర్థం. స్టేషనుకు కారు పంపేవాళ్లు ఈ చిన్న గుర్తును చూడక ఒకరోజు ముందే వెళ్లి నిలబడతారు. నేనూ ఒకసారి నిలబడ్డాను.

గుమ్మం నుంచి గుమ్మానికి

విదేశీ విమానానికి మూడు గంటల ముందు చేరాలి, అంటే సాయంత్రం 5.00. బరంపురం నుంచి రైలుకు మూడు గంటలు, భువనేశ్వర్ స్టేషను నుంచి విమానాశ్రయానికి అరగంట. రైలు ఆలస్యానికి ఒక గంటన్నర, ఇంటి నుంచి స్టేషనుకు, ప్లాట్‌ఫారం మీద నిరీక్షణకు కలిపి అరగంట వేసుకోండి. ఉదయం 11.30కు గుమ్మం దిగాలి. డాలస్‌లో దిగాక పాస్‌పోర్టు తనిఖీకి, పెట్టెలకు, కారు దారికి రెండున్నర గంటలు. అన్నీ కూడితే 35 గంటల 20 నిమిషాలు.

మధ్యలో ఆగే వ్యవధి మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి. గంటంబావు ఉన్న టికెట్టు చవగ్గా కనిపిస్తుంది, వద్దు. రెండు విమానాలూ ఒకే టికెట్టు కింద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే విమానంలో పంపే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ నష్టం మనదే. వీల్‌చైరును టికెట్టు కొన్నప్పుడే అడగండి. షుగరు, బీపీ మాత్రలు చేతి సంచిలో ఉంచుకుని, ఏ వేళకు ఏది వేసుకోవాలో ఈ రెండు గడుల కాగితం చూపించి డాక్టరును అడగండి. ఆవకాయ జాడీ మాత్రం పెద్ద పెట్టెలోకే వెళ్లాలి. చేతి సంచిలో నూనెతో ఉన్నదేదైనా 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీ దగ్గరే ఆగిపోతుంది. బరంపురం అప్పడాలకు ఆ బాధ లేదు, విరగకుండా సర్దుకుంటే చాలు.

ఆ కాగితానికి ఒక నకలు తీసి పిన్నిగారు తమ ఇంట్లో క్యాలెండరు పక్కన అంటించారు. అక్కడి వేళల గడిని బాబాయిగారు పెన్సిలుతో కొట్టేసి, మన వేళల గడిని మాత్రం ఉంచుకున్నారు. చివరి వరుస కింద తన చేతిరాతతో ఇంకొకటి చేర్చారు: బుధవారం రాత్రి 10.50, ఫోను.